బాల్కనీలో మూడు గాజుపట్టీలు

“మీరు మళ్ళీ వచ్చారా?”

అడిగింది గైడ్. నగరం నడిబొడ్డున ఉన్న యూనివర్సిటీలో పాత భవనాలు చూపించడం ఆమె ఉద్యోగం. రోజూ పదకొండింటికి లైబ్రరీ మెట్ల దగ్గర మొదలుపెట్టి, మ్యూజియం, సంగీత కళాశాల మీదుగా తీసుకెళ్ళి, నాటకశాల బాల్కనీలో టూరు ముగిస్తుంది. ఒకసారి వచ్చినవాళ్ళు రెండోసారి రారు. ఈ గళ్ళచొక్కా అతను మాత్రం సోమవారం నుంచి వరసగా నాలుగోరోజు వచ్చాడు.

“టికెట్ కొన్నానండీ.”

“కొన్నారు సరే. చూసిందే చూడటానికి ఇక్కడేముంది?”

“మీరు చెప్పేది రోజూ మారుతోందిగా! లైబ్రరీ గడియారం పిడుగుపడి ఆగిందని సోమవారం చెప్పారు. నిన్నేమో పావురాలు గూడు పెట్టి ఆపేశాయన్నారు. ఏది నిజమో తేల్చుకుందామని.”

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆమె ముఖం కందిపోయింది.

“రెండూ నిజమే. ముందు పిడుగు, తర్వాత పావురాలు,” అంది నేల చూపులు చూస్తూ.

ఆ రోజు ఆమె అతన్ని ఓ కంట కనిపెడుతూనే ఉంది. బాల్కనీలోకి రాగానే అతను ఎప్పటిలాగే చివరి వరస దగ్గర వెనకబడ్డాడు. గోడను వేలితో తడిమి నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు. ఆమె చూడగానే టక్కున మూసేశాడు.

మధ్యాహ్నం మ్యూజియం టికెట్ కౌంటర్లో ఉండే స్నేహితురాలు చెవిలో ఊదింది. “ఒసేయ్, నాటకశాల కూల్చేయాలని యూనివర్సిటీకి రాసిన కంపెనీ ఉందే, ఆ కంపెనీ కార్లోంచి దిగాడు నీ గళ్ళచొక్కా. నా కళ్ళారా చూశాను.”

“నా గళ్ళచొక్కా ఏంటే!” అని కసిరిందే గానీ, గైడ్‌కి మొదట తట్టింది నాన్నే. ఆ నాటకశాలలో లైట్లు వేసేది ఆయనే. ముప్పై ఏళ్ళుగా ఆయనకి అదే లోకం.

ఒక్కతే బాల్కనీ ఎక్కి వెతికింది. చివరి వరస వెనక, గోడ పగుళ్ళకు అడ్డంగా మూడు సన్నటి గాజుపట్టీలు అతికించి ఉన్నాయి. పక్కనే పెన్సిలుతో తేదీలు. ఎందుకో అర్థంకాలేదు. అర్థంకాకపోవడంతో అనుమానం ఇంకా ముదిరింది. తాళంచెవితో మూడూ పెకిలించి చేతిరుమాల్లో చుట్టేసింది.

మర్నాడు కుండపోత వాన. టూరుకి అతనొక్కడే వచ్చాడు.

“ఒక్కరి కోసం టూరు పెట్టరా?” అన్నాడు, గొడుగు ఆమె వైపు వంచుతూ.

“పెడతాను. మీరు తడుస్తున్నారు.”

“సగమే. ఆ సగానికి టూరు తర్వాత చెబుదురు గాని.”

నవ్వొచ్చింది. వీడితో నవ్వేమిటని తనను తానే తిట్టుకుంది.

బాల్కనీలో ఖాళీ గోడ చూసి అతను పాలిపోయాడు. “ఇక్కడివి ఎవరు తీశారు?”

“నేనే. మీ కంపెనీకి ఇంకేం కావాలి?”

అతను అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

“నేను ఇంజనీర్ని. మా పెద్ద ఇంజనీరు లోపలికి అడుగైనా పెట్టకుండా మొత్తం కూల్చేయమని రాసి, నన్ను సంతకం పెట్టమన్నారు. చూడందే పెట్టనన్నాను. మీ నాటకశాల మేనేజరేమో మా కంపెనీ పేరు చెబితేనే తలుపేస్తున్నారు. లోపలికి రావడానికి మీ టూరొక్కటే దారి.”

“మరి ఆ గాజు?”

“పగులు ఇంకా పెరుగుతుంటే గాజు విరుగుతుంది. విరక్కపోతే అది పాత పగులే, భయం లేదు. రేపు పొద్దున్నే దీని మీద యూనివర్సిటీ కమిటీ మీటింగు.”

ఆమె చేతిరుమాలు విప్పింది. రెండు పట్టీలు నిక్షేపంగా ఉన్నాయి. ఒకటి రెండు ముక్కలు.

“ఇది ఎడమ స్తంభం దగ్గరిది,” అంది.

“మీరు పీకేటప్పుడు విరగలేదు కదా?”

“నన్ను అనుమానిస్తున్నారా?”

“నాలుగు రోజులుగా మీరు నా విషయంలో చేస్తున్నది అదేగా!”

ఆమె ఆ రెండు ముక్కల వైపు చూసింది. పీకేటప్పుడే విరిగిందని ఒక్క మాటంటే చాలు, బాల్కనీ జోలికి ఎవరూ రారు. నాన్న పని నాన్నకుంటుంది. కానీ ఆదివారం నాటకానికి ఈ వరసలన్నీ నిండిపోతాయి.

“ముందే విరిగింది,” అంది అతని వైపు సూటిగా చూస్తూ. “మీటింగులోనూ ఇదే చెప్తాను.”

“చాలు.”

“అంత తొందరగా నమ్మేశారా? పిడుగూ పావురాలూ చెప్పినదాన్ని?”

“కథలు చెప్పేటప్పుడు మీరు నేల చూస్తారు. ఇప్పుడు నన్ను చూశారు.”

ఇంటికెళ్ళి నాన్నకంతా చెప్పింది.

“నేను లైట్లు వేసేది జనం కోసం తల్లీ. వాళ్ళ నెత్తిన కప్పు కూలాక ఎవరికి వేస్తాను? ఉన్నదున్నట్టు చెప్పెయ్.”

మీటింగులో పెద్ద ఇంజనీరు పెదవి విరిచాడు. “పెకిలించిన గాజు కూడా సాక్ష్యమేనా?” ఆమె మాట మార్చలేదు. కమిటీవాళ్ళు బాల్కనీకి తాళం వేయించి, మూడుచోట్లా మళ్ళీ గాజు అతికించారు. ఆదివారం నాటకం కింది వరసలవాళ్ళకే ఆడారు. మంగళవారానికి ఎడమ స్తంభం దగ్గరిది ఒక్కటే విరిగింది. ఆ స్తంభానికి ఉక్కు దన్ను పెడితే చాలని, భవనం కూల్చక్కర్లేదని తేల్చారు. సంతకం పెట్టనందుకు గళ్ళచొక్కాకి ఉద్యోగం ఊడింది. మరమ్మతు చేసేవాళ్ళు అతన్ని పిలిచి పని అప్పజెప్పారు. మూడు నెలలు అతనికి నాటకశాలే మకాం. ఆమెకు రోజూ అక్కడేదో పని తగిలేది.

బాల్కనీ మళ్ళీ తెరిచిన రోజు అతను లైట్ల గదిలోంచి మెట్లు దిగుతూ ఆమెకి దొరికాడు.

“పని అయిపోయిందిగా, నాన్న దగ్గర మీకేం పని?” అంది కళ్ళు చిన్నవి చేసి.

“ఒక విషయం అడగడానికి వెళ్ళాను. ఆయన రెండు గంటలు నాతో అద్దాలు తుడిపించి, ‘నాకిష్టమే, అమ్మాయిని అడుగు’ అన్నారు.”

“నా వెనక ఇంత జరుగుతోందా?”

“ముందుకొచ్చే అడుగుతున్నా. నన్ను పెళ్ళి చేసుకోవడం మీకిష్టమేనా? మీరు ఇప్పుడే చెప్పక్కర్లేదు. మీరు ఆలోచించుకుని...”

“ముందు ఆ ‘మీరు’ మానెయ్,” అంది.

ఆమె అప్పటికే మానేసిందని అతనికి తట్టడానికి ఇంకో రెండు మెట్లు పట్టింది.