పైకి రాని అన్న

ఉదయం పదీ అయిదుకు టెస్ట్ డిస్కు బీరువాలో ఉంది. పదీ నలభైకి లేదు.

బీరువా తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి పక్కనే మేకుకు వేలాడుతోంది. అది అక్కడుంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. అలాంటప్పుడు తాళం దేనికో ఇన్‌స్పెక్టరుకు అర్థం కాలేదు. రికార్డుల కంపెనీలంటే ఆయనకు మొదటినుంచీ చిన్నచూపే. అరగంటలో అది మరీ పెరిగింది.

"మూడేళ్ళ కిందట మచ్చుకు చేసిన డిస్కు సార్. ఒకటే కాపీ," అన్నాడు మేనేజరు. "ఈ పెద్దమ్మ పాడింది. మేం బయటికి వదల్లేదు. ఏడుపు పాట ఎవడు కొంటాడు చెప్పండి?"

పెద్దమ్మ కోరస్ పాడేవాళ్ళ బెంచీ చివర కూర్చుని ఉంది. నిన్న రిహార్సల్లో కంపెనీ సంగీతం మాస్టారి కొత్త పాట విని, ఇది నాదంది. ఆ పాట లేబుల్ మీద రచన, సంగీతం రెండింటికీ మాస్టారి పేరే. సాయంత్రం నాలుగింటికి లేబుళ్ళు ప్రెస్సుకు వెళ్ళాలి. పదకొండింటికి పాత డిస్కు వేసి విని తేల్చేద్దామన్నాడు మేనేజరు. ఈలోగా డిస్కే మాయమైంది.

"లేబుల్ మీద మీ పేరు కావాలా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పేరు వద్దు బాబూ. అది గంతుల పాట కాదు. అలా బయటికి పోనివ్వకండి, అంతే."

ఇన్‌స్పెక్టరు రికార్డిస్టు వైపు తిరిగాడు. "పదింటినుంచి ఎక్కడున్నావు?"

"హాల్లోనే సార్. మైకులు సర్దుతున్నా."

"మీరు?"

"పక్క గదిలో అకార్డియన్ సాధన," అన్నాడు మాస్టారు, పట్టు చొక్కా మడత సవరించుకుంటూ.

"పెద్దమ్మ డిస్కు ఎప్పుడైనా విన్నారా?"

"నేనా? ఆవిడ పాటా? జన్మలో వినలేదు. పల్లె జనానికి సంగీతం ఎక్కడిదండీ! వాళ్ళు అరుస్తారు. మనం మెరుగు పెడతాం."

ఆ 'మనం'లో తననూ కలిపినందుకు ఇన్‌స్పెక్టరుకు ఒళ్ళు మండింది.

"ఏదీ, ఆ మెరుగు వినిపించండి."

మాస్టారు అకార్డియన్ తగిలించుకున్నాడు. పిక్నిక్‌కు పోతున్నట్టుంది వరస. బావి తవ్వే పాట. మూడే చరణాలు. మొదటి నాడు గడ్డి కోశారు. రెండో నాడు మన్ను తోడారు.

"మూడో నాడు ఊట వచ్చె, ముంత నిండె,
పైకి రాని మా అన్నకే తొలి ముంత!"

"ఎవరీ అన్న?"

"అదే మిస్టరీ అండీ! కవిత్వాన్ని ప్రశ్నలడక్కూడదు, అనుభవించాలి."

ఇన్‌స్పెక్టరు అనుభవించలేకపోయాడు. "అమ్మా, మీరు పాడండి," అన్నాడు.

పెద్దమ్మ లేచి నిలబడింది. వాయిద్యం లేదు. ఏడు చరణాలు, ఏడు నాళ్ళు. మొదటి రెండూ అవే. మూడో నాడు బండ తగిలింది. నాలుగో నాడు మోకు పేనారు. అయిదో నాడు అన్న దిగాడు. ఆరో నాడు మట్టి పెళ్ళ కూలింది. ఏడో నాడు ఊట వచ్చింది. తొలి ముంత పైకి రాని అన్నకు పోశారు.

పాటలంటే పడని ఇన్‌స్పెక్టరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"డిస్కులో ఈ ఏడూ ఉన్నాయా?"

"లేవు బాబూ. రెండోది కాగానే ఎర్ర బల్బు వెలిగింది. గాభరాపడి ఏడోదానికి దూకేశాను."

"సగం టైము అయిందని నేనే వెలిగించాను సార్," అన్నాడు రికార్డిస్టు. "ఒక పక్కకు మూడు నిమిషాలే పడుతుంది."

"అలా దూకి ఇంకెక్కడైనా పాడారా అమ్మా?"

"ఛ! అన్నని బావిలోకి దింపకుండా ఎలా పాడతాను?"

ఇన్‌స్పెక్టరు మాస్టారి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఆవిడ ఒకే ఒక్కసారి దూకింది, ఆ డిస్కులో. మీరూ సరిగ్గా అక్కడే దూకారు. 'ఏడో నాడు' ఉంటే లెక్క తప్పుతుందని 'మూడో నాడు' చేశారు. లెక్క సరిచేశారు, మనిషిని మరిచారు. మీ పాటలో బావిలోకి ఎవడూ దిగనే లేదు. మరి పైకి రానిదెవరు? డిస్కు తప్ప ఇంకేమీ విననివాడే ఇలా రాస్తాడు. వినలేదని బొంకినవాడికే అది మాయం కావాలి."

"అన్యాయం! నా పెట్టెలో ఏమీ లేదు!"

"పెట్టె మాట నేనెత్తలేదే."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు. అకార్డియన్ పెట్టెలో మఖమల్ గుడ్డ కింద డిస్కు దొరికింది, విరవబోతే మధ్యకు వంగిపోయి. మామూలు రికార్డయితే విరిగేది. టెస్ట్ డిస్కు లోపల అల్యూమినియం రేకు ఉంటుంది. పన్నెండేళ్ళుగా రికార్డుల మీద బతుకుతున్న పెద్దమనిషికి ఆ ముక్క కూడా తెలియదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే వినడమే గాని, సోకు చేసుకోవడం కూడా రానివాణ్ణి ఇన్‌స్పెక్టరు ఇప్పుడే చూశాడు.

"నాకు ముందే అనుమానం సార్," అన్నాడు మేనేజరు.

ఇన్‌స్పెక్టరు అతని వైపు చూడను కూడా లేదు. "డిస్కు ఇక పలకదు. ఆవిడచేత మళ్ళీ పాడించండి. ఏడూ."

"మూడు నిమిషాల్లో ఏడు చరణాలు ఎలా పడతాయి సార్?"

"రికార్డుకు రెండో పక్క లేదా?"

రికార్డిస్టు అప్పటికే ఎర్ర బల్బు ఊడదీస్తున్నాడు. "నాలుగు ఇటు, మూడు అటు వేద్దాం పెద్దమ్మా. మోకు పేనేదాకా ఒక పక్క. తర్వాత రికార్డు తిప్పుకుంటారు."

పెద్దమ్మ మైకు ముందుకు వచ్చి నిలబడింది.

"అయితే తిప్పేదాకా మా అన్న పైనే ఉంటాడు కదా, బాబూ?"

"ఉంటాడమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.