కిటికీకి అడ్డంగా బీరువా

చెక్క కుర్చీ కిటికీ పక్కనుంచి బయలుదేరి, కాళ్ల కింది చక్రాల మీద దొర్లుకుంటూ వెళ్లి, గడప మీద సగం లోపల, సగం బయట ఆగింది. అందులో కూర్చోబోతున్న వకుళమ్మ గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"సిగ్గున్న కుర్చీ అయితే ఎప్పుడో గడప దాటేది" అని అంతకు క్షణం ముందే భూదేవి అంది. అన్నది కుర్చీని. తగలవలసింది వకుళమ్మకు.

వాళ్లిద్దరూ తోడికోడళ్లు. వకుళమ్మ పెద్దది. పాత రేవుపేటను సముద్రం మింగేశాక మెట్ట మీద కట్టిన కాలనీలో, ఇద్దరు విధవరాళ్లూ ఒకే ఇంటిపేరు వాళ్లు కనుక, ఇద్దరికీ కలిపి ఒకే ఇల్లు ఇచ్చారు. చెరొక పడకగది, వంటకు ఒక మూల, పది అడుగులకు పన్నెండు అడుగుల ముందుగది. ఆ ముందుగదికి ఒక్కటే కిటికీ. అందులోంచి చూస్తే మునిగిన ఊరు ఉన్న చోట నీళ్లు కనబడతాయి. ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకోవాలన్నది వకుళమ్మ కోరిక. భూదేవి కోరికా అదే.

ఇంత చిన్న గదిలో సామానంతా ఒకేసారి ఇమడదు కనుక, సామానే అవసరాన్ని బట్టి తిరిగేలా డాక్టర్ పరాంకుశం అనే శాస్త్రజ్ఞుడు ఒక ఏర్పాటు కనిపెట్టాడు. నేల కింద తీగల వల, సామాను కాళ్లలో మోటార్లు, గోడల్లో మైకులు, కెమెరాలు. సామాను కదపడానికి బొత్తాలు లేవు, రిమోట్ లేదు. మాటే మీట. మనిషితో అన్న మాటేదో, వస్తువుతో అన్న మాటేదో యంత్రం ఎలా పోల్చుకుంటుందన్న ప్రశ్నకు ఆయన దగ్గర చక్కని సూత్రం ఉంది: మనిషితో మాట్లాడేవాడు ఆ మనిషి ముఖం చూస్తాడు, ముఖం చూడకుండా అన్నది వస్తువుకే చెందుతుంది. ఇంటివాళ్లు మాట్లాడుకుంటూ ఉండగా గంటసేపు ఏదీ కదలకపోతే, ఆ అమరిక వాళ్లకు నచ్చినట్టు. అప్పుడు కాళ్లలోంచి ఉక్కు మేకులు నేలలోకి దిగి సామాను స్థిరపడుతుంది. గడువులోగా స్థిరపడకపోతే ఇల్లు వేరొకరికి వెళుతుంది.

గడువు ఆ రోజే. అది దాటితే తెల్లారేసరికి ఇద్దరూ మళ్లీ వరద షెడ్డుకే.

రాజ్యాలు ఏలినవాళ్లు సైతం దర్బారులో ఎవరికి కుర్చీ వెయ్యాలి, ఎంత దూరాన వెయ్యాలి అని తగువులాడుకున్నారు. ఇద్దరు తోడికోడళ్లు ఒక కిటికీ కోసం తగువులాడటంలో వింత లేదు. వింతల్లా వాళ్లు తగువులాడే పద్ధతి. ఊరు మునిగిన నాటి నుంచి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసి మాట్లాడలేదు. ఆఖరి లారీలో ఒక్క వస్తువుకే చోటుంటే, భూదేవి ఇనప బీరువా ఎక్కింది. వకుళమ్మ పుస్తకాల అలమర రోడ్డు మీదే ఉండిపోయి నీళ్లపాలైంది. నాటినుంచి ఒకామె అనవలసినదంతా గోడతో, గిన్నెతో, గుమ్మంతో అంటుంది. రెండో ఆమె వింటుంది.

కుర్చీ పోయిన కసి కొద్దీ వకుళమ్మ బీరువా వైపు తిరిగింది.

"సముద్రంలో కలవాల్సింది ఇది. బంగారంలాంటి పుస్తకాలు కలిశాయి."

బీరువా గుర్రుమంది. సముద్రం ఏ దిక్కునుందో యంత్రానికి తెలుసు. అది భారంగా దొర్లుకుంటూ వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడింది. గది చీకటయింది.

సరిగ్గా అప్పుడే పరాంకుశం తనిఖీకి వచ్చాడు. గడప మీది కుర్చీ ఆయనను లోపలికి రానివ్వలేదు.

"ఇదేమిటమ్మా, తలుపులో కుర్చీ?"

"మీ యంత్రాన్నే అడగండి బాబూ. మతి చెడింది దానికి" అంది వకుళమ్మ.

ఆయన బయటే నిలబడి చేతిలోని తెరపలకలో యంత్రం రాసుకున్న లెక్కలన్నీ చూశాడు. "యంత్రం బాగానే ఉంది. వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో మనిషితో మనిషి అన్న మాట ఒక్కటీ లేదు. అన్నీ సామానుకు ఇచ్చిన ఆజ్ఞలే. ఎవరిని అనదలచుకున్నారో వాళ్ల ముఖం చూసి అనండి. ఏదీ కదలదు."

వకుళమ్మకు షెడ్డులోని రేకుల వేడి గుర్తొచ్చింది. పళ్లు బిగించి తల తిప్పింది. భూదేవి చెంపలు ఎప్పుడు పీక్కుపోయాయో, కనుబొమలు ఎప్పుడు నెరిశాయో తనకు తెలియదు.

"నీ పట్టుచీరల బీరువా కోసం నా పుస్తకాలు ముంచావు. నువ్వు మనిషివేనా?"

బీరువా కదలలేదు. భూదేవి కూడా సూటిగా చూసింది.

"అలమర దించింది నేను కాదు అక్కయ్యా. బావగారు."

"నోరు ముయ్యి. పోయిన మనిషి మీద పెడతావా?"

"ఆయన చేత్తోనే తాడు విప్పారు. 'ఇవి పోతేనైనా వకుళ నావంక చూసి మాట్లాడుతుంది' అన్నారు. మాట్లాడారా మీరు? ఆ ఏడాదే షెడ్డులో పోయారు."

"అబద్ధం! నిజమైతే ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? మీ వీపుకా?"

ఇక ఆగలేదు. పెళ్లినాటి మాటలు వచ్చాయి, అత్తగారు పోయిన నాటి మాటలు వచ్చాయి. ఇన్నేళ్లూ కుర్చీలూ గోడలూ అడ్డం నిలిచి తీసుకున్న దెబ్బలన్నీ ఇప్పుడు నేరుగా తగిలాయి. రెప్ప వాల్చితే ఓడినట్టని ఇద్దరికీ తెలుసు.

బయటినుంచి పరాంకుశానికి గడియారం కనబడుతోంది; బీరువా ఆగి గంట కావస్తోంది. "అమ్మా, ఒక్క నిమిషం ఆపండి! ముందు బీరువాను తప్పుకోమనండి!" అని అరిచాడు. ఎవరూ వినలేదు. చివరికి తానే బీరువాను ఆజ్ఞాపించాడు. అదీ వినలేదు. యంత్రం ఇంటివాళ్ల గొంతు తప్ప పరాయి గొంతు వినకూడదన్న జాగ్రత్త తీసుకున్నది ఆయనే.

టక్‌మని కుర్చీ కాళ్లలోంచి మేకులు దిగాయి. తర్వాత బీరువా కాళ్లలోంచి. ఇల్లంతా ఒక్కసారి అదిరింది.

"స్థిరపడింది" అన్నాడు పరాంకుశం నీరసంగా. "ఇల్లు మీదే. మళ్లీ మార్చాలంటే నేల తవ్వాలి." ఆయన వెళ్లిపోయాడు. గడప మీది కుర్చీ దాటుకుని ఆ ఇంటికి ఎవరూ రారని, పోయేవాళ్లూ ఉండరని ఆయనకు దారిలో తట్టి ఉండవచ్చు.

సాయంత్రమైంది. బీరువా వెనక ఎక్కడో సముద్రం ఉంది. గదిలో మిగిలిన రెండు పీటల మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"కొందరికి దీపం వెయ్యాలన్న ధ్యాస కూడా ఉండదు" అంది వకుళమ్మ, గోడతో.

గోడ ఊరుకుంది. ఇక ఆ ఇంట్లో వస్తువేదీ ఆమె మాట వినదు.

ఆమె భూదేవి వైపు తల తిప్పింది.

"భూదేవీ, లైటు వెయ్యి."

"మీ చేతికేమైంది?" అంది భూదేవి, ఆమె కళ్లలోకి చూస్తూ.