ఎండలో పెట్టిన ట్యూబు

చింతామణిలో నాగేశ్‌ను చంపినవాళ్ళు తుపాకీ వాడలేదు, విషమూ వాడలేదు. జ్వరంతో నర్సింగ్ హోమ్‌లో చేరిన ఆ సీక్రెట్ ఏజెంట్ రక్తం ట్యూబును ఎండలో ఉంచి, ఆలస్యంగా ల్యాబుకు చేర్చారు, అంతే. ఆ వేడికి రక్తకణాలు చితికి, వాటిలోని పొటాషియం ప్లాస్మాలోకి దిగింది. రిపోర్టులో పొటాషియం ఆకాశాన్నంటింది. డాక్టరు పాపం, దాన్ని దించడానికి మందిచ్చాడు. ఒంట్లో నిజంగా ఉన్న కాస్తా పడిపోయి గుండె ఆగింది. ఇంత చవకబారు హత్యను డిపార్ట్‌మెంట్ ఎప్పుడూ చూడలేదు.

కేసు ఏజెంట్ దేవరాజ్‌కు వచ్చింది. నాగేశ్ అతనికి సొంత బావ.

"ఎవురు చేసినారో నాకు తెలియాల తమ్ముడూ," అంది అక్క రూప, ఒళ్ళో పసిబిడ్డతో. ఆమె ఏడవడం ఎప్పుడో మానేసింది. "వాళ్ళు సుఖంగా సావకూడదు."

"సావరులేక్కా," అన్నాడు దేవరాజ్. మనసులో మాత్రం ఆ మనిషి పీక అప్పటికే అతని చేతుల్లో ఉంది.

చింతామణి బస్టాండు ఎదుట, ఆపిన కారులో చీఫ్ శ్రీనివాసప్ప బ్రీఫింగ్ ఇచ్చాడు.

"పసిబిడ్డల రక్తంలో అమ్మోనియా పెరిగే జబ్బుకు మనోళ్ళు మందు కనిపెట్టినారు. బాగేపల్లిలో ట్రయల్ చేస్తాండారు. మీ అక్క బిడ్డా అందులో ఉండాది. ఈ పొద్దు తీసిన ప్లాస్మా చిక్కబళ్ళాపురం ల్యాబుకు ఐసులోనే పోవాల. వేడి తగిలితే ట్యూబులోనే అమ్మోనియా పెరిగిపోతాది."

"అప్పుడు మందు పనిచేయలేదంటారు."

"ట్రయల్ మూసేస్తారు. మందు ఆగితే ఆ బిడ్డలు బతకరప్పా. విదేశీ ముఠాకు కావాల్సింది అదే, వాళ్ళ మందు అమ్ముడుపోవాల. నాగేశ్ వాళ్ళ జాడ పట్టినాడు, అందుకే పోయినాడు. ముఠాలో మనకు ఒక డబుల్ ఏజెంట్ ఉండాది. ప్రతిమ. దారిలో కలుస్తాది."

బాగేపల్లిలో దేవరాజ్ ఖాకీ చొక్కా వేసుకుని, వ్యాన్ డ్రైవరుగా ఐస్ బాక్సు ఎక్కించుకున్నాడు. పెరేసంద్ర దాటగానే రోడ్డు పక్కన ఎర్ర కారు. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, పక్కనుంచి పోయే లారీలు కూడా స్లో అయ్యేంత అందం.

"సాదలిలో పట్టుగూళ్ళ రేటు ఎట్లుండాది?" అంది ఆమె. కోడ్ అదే.

"వానొస్తే చెప్తా."

"మీ బాక్సు అడుగున ముఠా హీటర్ పెట్టినారు," అంది ప్రతిమ. "ట్యూబులు నా బాక్సులోకి మార్చేయండి, తొందరగా." మార్చడం అయ్యీ అవగానే పాత బాక్సును ఐసుతో సహా పక్క కాలవలోకి తన్నేసింది.

దేవరాజ్ మూత వేయబోయి ఆగాడు. అతను సాదలిలో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టాడు. మల్బరీ ఆకు గంప పైకి ఎంత చల్లగా ఉన్నా ఆ ఇంట్లో ఎవరూ నమ్మరు, మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగు చూస్తారు. లోపల కాగిన ఆకు తింటే పురుగులు చస్తాయి. ఆ అలవాటుకొద్దీ ఐస్ ప్యాకుల కిందికి చెయ్యి దూర్చాడు. పైన చల్లగా ఉంది. అడుగున చుర్రుమంది.

తలెత్తేసరికి ఆమె చేతిలో పిస్తోలు ఉంది.

"నాగేశ్ కూడా ఇట్లే నమ్మినాడు," అంది తాపీగా. "ఆయన ట్యూబు మధ్యాహ్నమంతా నా కారు డ్యాష్‌బోర్డు మీదే ఉండె."

దేవరాజ్‌కు ఒళ్ళంతా మండిపోయింది. వాచీ పక్కనున్న మీట నొక్కాడు. అందులోంచి మత్తుసూది దూసుకెళ్ళి ఆమె మెడలో దిగింది. కూలిపోయే ముందు ఆమె తన ఉంగరం కొరికి, అందులోని విషం మాత్ర మింగేసింది.

అప్పుడే మల్బరీ ఆకు ఆటో ఒకటి వస్తోంది. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"తడి గోనె ఇయ్యప్పా."

"ఆకు వాడిపోతాదే," అన్నాడు ఆటో అతను.

"మా అక్క బిడ్డ ప్రాణం పోతాదప్పా."

ఆటో అతను మారు మాట్లాడకుండా గోనె తీసి, తాగే నీళ్ళు కూడా దానిమీద కుమ్మరించాడు. ట్యూబులూ పైన మిగిలిన ఐస్ ప్యాకులూ ఆ గోనెలో చుట్టి, ప్రతిమను వెనక పడేసి, దేవరాజ్ వ్యాన్‌ను ఉరికించాడు. చిక్కబళ్ళాపురం ల్యాబులో గోనె విప్పేసరికి చివరి ఐసు ముక్క కరుగుతోంది. ట్యూబులు ఇంకా చల్లగానే ఉన్నాయి. కాసేపటికి మెషిన్ మీద రూప బిడ్డ అంకె వచ్చింది. అమ్మోనియా నార్మల్. మందు పనిచేసింది.

పక్క ఆస్పత్రిలో ప్రతిమ గుండె తడబడుతోంది. డాక్టరు ట్యూబు ఒకటి దేవరాజ్ చేతిలో పెట్టాడు. "పొటాషియం, అర్జెంట్. ఇది ఐసులో పెట్టకండి, ఎండా తగలనీయకండి. రిపోర్టు తప్పొస్తే మనిషి దక్కదు."

బయట ఎండ మండిపోతోంది. వ్యాన్ డ్యాష్‌బోర్డు ఖాళీగా ఉంది. దేవరాజ్ ట్యూబు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఒక్క టీ తాగి వస్తే చాలు, బావ బాకీ తీరిపోతుంది. ఎవరూ అడగరు. చెయ్యి డ్యాష్‌బోర్డు దాకా వెళ్ళింది కూడా.

అప్పుడు అక్క మాట గుర్తొచ్చింది. ట్యూబును చొక్కా నీడలో దాచుకుని ల్యాబుకు పరిగెత్తాడు.

సాయంత్రం ప్రతిమ కళ్ళు తెరిచింది. "ఎందుకు బతికించినావు?"

"సుఖంగా సావనీయొద్దని మా అక్క చెప్పింది. మీరు నూరేళ్ళు బతకాల మేడమ్," అన్నాడు దేవరాజ్. "మీకోసం జైల్లో కిటికీ లేని గది చూసినాం. ఎండ తగలదు, చెడిపోరు."