జ్ఞానమణి నడక

తెల్లవారి ఆరింటికి దేవానందం ఎప్పటిలాగే సైకిలెక్కి పాలకు బయలుదేరాడు. సందు చివరికెళ్ళాక చెంబు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. పెరట్లోకి తొంగిచూసేసరికి భార్య జ్ఞానమణి వణికే కాళ్ళతో గోడ పట్టుకుని నిలబడి ఉంది. తన తల్లి హన్నమ్మ ఆమె నడుముకు పాత చీర చుట్టి, కొసలు వెనకనుంచి పట్టుకుంది.

"ఇంకో నాలుగడుగులు వెయ్యి తల్లీ, తర్వాత కూర్చుందువుగాని."

మూడో అడుగుకి ఎడమకాలు మడతపడింది. చీర ఆపబట్టి సరిపోయింది గానీ మోకాలు గీరుకుపోయింది.

దేవానందం పరుగెత్తుకొచ్చాడు. "నీకు కనికరం లేదా అమ్మా? జబ్బు మనిషిని ఇలా హింస పెడతావా?"

జ్ఞానమణి తిరువూరు బడిలో టీచరు. రెండేళ్ళ కిందట, డెబ్బై నాలుగులో, పాఠం చెబుతూనే కూలబడింది. వెల్లూరు తీసుకెళితే నరాల జబ్బన్నారు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అని పేరు చెప్పారు. పూర్తిగా నయం చేసే మందు లేదన్నారు. ఆ మాట విన్ననాటినుంచి దేవానందం ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. అన్నం మంచం దగ్గరికే తెచ్చేవాడు. ఎక్కడికైనా చేతుల మీద ఎత్తుకెళ్ళేవాడు. నిన్న ఆమె రాజీనామా కూడా తనే రాసుకొచ్చాడు, సంతకం ఒక్కటే తక్కువ.

"అత్తయ్యనేం అనకండి. నేనే బతిమాలాను," అంది జ్ఞానమణి ఆయాసపడుతూ. "వెల్లూరు ఆస్పత్రిలో వ్యాయామం నేర్పినావిడ చెప్పింది మీరూ విన్నారుగా? చల్లటి వేళ కొంచెం కొంచెంగా నడవాలి, బాగా అలిసిపోకముందే ఆగాలి. జబ్బు పోదు, ఉన్న బలం మాత్రం పోగొట్టుకోవద్దంది."

"పడి ఎముక విరిగితే?"

"అందుకేగా ఆ చీర! మీరు ప్రేమతోనే ఎత్తుకుంటున్నారండీ. కానీ అలా మోస్తూ పోతే నాకు కాళ్ళున్న సంగతే మర్చిపోతాను."

హన్నమ్మ కోడలి మోకాలు తుడుస్తూ అంది. "మూడు నెలల కిందట నా మెడ పట్టుకుంటేగాని కుర్చీలోంచి లేచేది కాదురా. ఇప్పుడు చెయ్యి ఆనించకుండా ఎనిమిదిసార్లు లేస్తోంది. అదీ నువ్వు పాలకెళ్ళాకే. నువ్వు చూస్తే మాన్పిస్తావని భయం."

తన ఇంట్లో తన భార్య దొంగతనంగా నడవాల్సి వచ్చిందా! దేవానందం జేబులోని రాజీనామా కాగితం తీసి ముక్కలు చేశాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు, మణీ?"

"రేపట్నుంచి ఎదురుగా నిలబడండి. పట్టుకోమంటేనే పట్టుకోండి."

అలాగే నిలబడ్డాడు. కొన్నాళ్ళు ఇరవై అడుగులు వేసేది. ఒంట్లో బాగోని వారం రెండుకి దిగేది, మళ్ళీ మొదలుపెట్టేది. ఎన్నిసార్లు వెనకబడ్డా ఆమె మొహంలో విసుగన్నది అతనికి కనిపించలేదు.

మరుసటేడు వానలు పడి ఎండ తగ్గాక రిక్షాలో బడికెళ్ళింది, వెనకే సైకిలు మీద దేవానందం వచ్చాడు. గేటు దగ్గర దిగి, చేతికర్ర ఊతంగా, మధ్యలో ఒకసారి ఆగి, తరగతి గడప దాటింది. పిల్లలు బిలబిలా లేచి "నమస్కారం టీచర్!" అన్నారు.

జ్ఞానమణి గుమ్మంలోంచి వెనక్కి చూసింది. "ఇంకా అక్కడే ఉన్నారేంటండీ? ఆఫీసుకి టైమవుతోంది, వెళ్ళండి."

దేవానందం తలూపాడు. కళ్ళనిండా నీళ్ళు. ఎదురుగా ఉన్న రోడ్డు మసకమసకగా కనిపిస్తుంటే, సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళాడు.