మొవ్వు తుంచని చెయ్యి

"ఆ ఇల్లు వదిలితే నాకు తలదాచుకోను చోటు లేదు సార్," అంది వచ్చినామె. గొంతు ఎవరి సంగతో చెబుతున్నట్టు ఏ ఒడిదుడుకూ లేకుండా ఉంది.

ఎదురుగా ఉన్న పరిశోధకుణ్ణి అందరూ షావుకారంటారు. కలప వ్యాపారం కన్నా మోసాలు పట్టడమే గిట్టుబాటని ఇందులోకి దిగిన మనిషి. ఆయన లెక్క తప్పదని సహాయకుడు గుమాస్తాకి గట్టి గురి.

తండ్రి టేకు తోటను ఆమె తమ్ముడికిచ్చాడు. తోటలోని ఇల్లు మాత్రం, మొక్కనాటి నుంచి చెట్లను పెంచిన ఆమెకిస్తానన్నాడు. వానలు వెళ్లిపోయాక ఒక ఉదయం ఓ పక్క లేతచెట్లన్నీ మోడుల్లా కనిపించాయి. అక్కే కుళ్లుతో ఆకంతా దూసేసిందన్నాడు తమ్ముడు. తండ్రి ఆమెను వెళ్లిపొమ్మన్నాడు.

తోట చూడగానే గుమాస్తా పురుగు పనేమోనన్నాడు.

"పురుగు ఈనెలు వదిలేసి తింటుందయ్యా. ఇక్కడ కాడలతో సహా పోయాయి," అన్నాడు షావుకారు.

ప్రతి చెట్టు కొసనా మొవ్వు, పైకి పెరిగే ఆ చివరి చిగురు, మాత్రం భద్రంగా ఉంది. షావుకారు టేపుతో మోడుబారిన చెట్లనీ, ఆకులున్నవాటినీ కొలిచాడు. లావులో తేడా లేదు.

తమ్ముడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తాను నెల్లాళ్లుగా చెట్లను ముట్టనే లేదన్నాడు. అతని గోళ్ల మొదళ్లు ఎర్రబారి ఉంటే, ఏదో రంగుపని చేశాడనుకున్నాడు గుమాస్తా. గ్లాసులు తీసుకెళ్లిన అక్క గోళ్లు శుభ్రంగా ఉన్నాయి.

షావుకారు అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు.

"వానల మొదట్లో ఆకు పోతే, చెట్టు దాచుకున్న బలమంతా కొత్త ఆకుకే పెడుతుంది. కాండం లావెక్కదు. ఏడాది పెరుగుదల గల్లంతే. ఇప్పుడా? ఈ ఏటి పెరుగుదల అయిపోయింది, ఆకు ఎలాగూ రాలిపోయేదే. ఇక మొవ్వు తుంచితే చెట్టు పంగలు చీలి, దూలానికి పనికిరాకుండా పోతుంది. పగున్నవాళ్లు ముందు అక్కడే చెయ్యేస్తారు. పెంచినామెకి అది తెలియదా? చూడ్డానికి నష్టం కనపడాలి, సరుకు మాత్రం చెడకూడదు. అలా చూసుకునేది సరుకు సొంతదారే."

మొవ్వు కింది లేతాకొకటి తెంపి నలిపాడు. వేళ్లు ఎర్రబడ్డాయి. అందరూ తమ్ముడి చేతుల వైపు చూశారు.

"ఇల్లు కూడా కలిస్తే తోట ఒక్క ముక్కగా ఉంటుందనుకున్నా," అన్నాడతను, తల ఎత్తకుండా.

తండ్రి కూతురి వైపు తిరిగాడు. "ఇల్లు నీదేనమ్మా. ఉండు."

"వాడు అబద్ధమాడాడు. మీరు ఒక్క మాటైనా అడక్కుండా నమ్మారు. ఏది ఎక్కువ నష్టమో నాకు లెక్క తేలట్లేదు నాన్నా."

ఆమె లోపలికెళ్లింది. వెళ్లిపోవడానికి కట్టుకున్న మూట విప్పలేదు, పక్కకీ జరపలేదు. మంచమ్మీద దాని పక్కనే కూర్చుంది.