పద్నాలుగో స్టెప్

“మీరు నోరు విప్పితే వ్యాసం పోటీలోంచి పోతుంది. తెలుసుగా?” అంది రోబో భాగాల ముందు కూర్చుంటూ సెకార్ అనే క్లబ్బు సభ్యురాలు.

పంజి తలూపాడు.

రోబోను ఎలా తయారుచేయాలో స్టెప్పులవారీగా రాసే బాండుంగ్ రోబో క్లబ్బు వ్యాసాల పోటీలో నియమం అది. రాసినవాడు మౌనంగా కూర్చుంటాడు. పరిచయం లేని సభ్యులెవరో ఆ వ్యాసంలో ఉన్నది ఉన్నట్టు చేసి, ప్రతి స్టెప్ పక్కన గడిలో టిక్కు పెడుతూ రోబోను నడిపించాలి.

మొదటి బహుమతి పదహారు మోటార్ల డబ్బా. పంజి పాఠం చెప్పే బడిలో ముప్పై మంది పిల్లలకు ఉన్నది ఒక్క పీత రోబో. ఆ డబ్బా వస్తే ఇంకో రెండు పీతలు తయారవుతాయి.

“‘స్క్రూ మెల్లగా బిగించండి, దానికీ నొప్పి ఉంటుంది.’ బాగా రాశారే,” అని నవ్వింది సెకార్. పంజి సంతోషం దాచుకోలేక కిటికీలోంచి వాన చూశాడు.

పదకొండు స్టెప్పులూ అయ్యాయి. ఆఖరిదైన పన్నెండో స్టెప్‌కి స్విచ్ వేసింది. పీత కాళ్లు వణికాయి గాని అడుగు పడలేదు.

పంజికి వెంటనే తెలిసింది. బ్యాటరీ నల్ల వైరును బోర్డు నల్ల వైరుతో కలపాలి. రోజూ చేసే పని కాబట్టే రాయడం మరిచిపోయాడు.

సెకార్ ఆ వైరు చేతిలోకి తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది. కాగితాలన్నీ మొదటి నుంచి ఇంకోసారి చదివి, ‘నడవలేదు’ అని రాసి సంతకం చేసింది.

మెట్ల దగ్గర పంజి ఆగలేకపోయాడు. “వైరు చేతిలోనే ఉంది కదండీ. మీకు తెలుసు.”

“తెలుసు. మీ పిల్లలకి తెలుసా?”

“కలిపితే ఏం పోయేది?”

“అప్పుడు నడిపింది నేనవుతాను, మీ వ్యాసం కాదు. రేపటిదాకా గడువుంది, దిద్దండి. వేరేవాళ్లు చేసి చూస్తారు.” గొడుగు విప్పుతూ ఆగింది. “నాలుగో పేజీలో బొమ్మ కూడా తలకిందులుగా ఉంది.”

ఇంట్లో పంజికి వాళ్లమ్మ వేడి అల్లం కషాయం ముందు పెట్టింది. “ఎవరి మీదరా ఆ అలక?”

“నేను రాసిందంతా అక్షరం వదలకుండా చదివిన అమ్మాయి మీద.”

“అలా చదివినవాళ్లు ఇంతకుముందు ఎవరున్నార్రా?”

పంజి కషాయం చల్లారేలోగా పెన్ను తీశాడు.

మర్నాడు పరీక్షించింది పాక్ ఒమాన్ అనే పాతకాలపు రేడియో మెకానిక్. ఆయనకు ప్రతి లైనూ పైకి చదివే అలవాటు. సెకార్ వచ్చి పంజి పక్క కుర్చీలో కూర్చుంది. చూసేవాళ్లు కూడా మాట్లాడకూడదు.

“ఏడో స్టెప్. రెండు నల్ల వైర్లూ కలపాలి. ఇది నేను మరిచిపోయాను. సెకార్ గారు గుర్తు చేశారు. ఈ పీత వేసే ప్రతి అడుగుకీ ఆమెకు కృతజ్ఞతలు.”

సెకార్ చూపు దించుకుంది.

పదమూడో స్టెప్‌కి స్విచ్ పడింది. పీత పక్కకి పక్కకి నడిచి పకోడీల ప్లేటును గుద్దుకుంది. పాక్ ఒమాన్ పేజీ తిప్పాడు.

“పద్నాలుగు. రోబో నడిస్తేనే ఇది చేయాలి. సెకార్ గారితో మాంసం ఉండల బక్సో తినడానికి వెళ్లాలి, ఆమెకు ఇష్టమైతే.” కళ్లజోడు తీశాడు. “ఇది నా పని కాదే. ఎవరు చేయాలమ్మా?”

పంజి చెవులు ఎర్రబడ్డాయి.

సెకార్ ఆయన చేతిలో పెన్సిల్ అందుకుంది. ఆ లైను రెండుసార్లు చదివింది. పక్కన ‘ఎన్ని గంటలకో రాయలేదు’ అని రాసింది. తర్వాత గడిలో టిక్కు పెట్టింది.

మోటార్ల డబ్బా పంజి బడికే వెళ్లింది. వ్యాసం అచ్చువేసినప్పుడు క్లబ్బువాళ్లు ఆఖరి పేజీ తీసేశారు. అది సెకార్ దగ్గర ఉంది.