సబ్‌టైటిళ్ళు లేని ఆదివారం

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర వరంగల్ బస్సుల కోసం నిలబడ్డ జనంలో, మే నెల ఎండలో మెడకు మఫ్లర్ చుట్టుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. మారువేషమంటే మఫ్లర్ అని అచ్యుతరావుగారికి ట్రెయినింగ్‌లో ఎవరు చెప్పారో గానీ, డిపార్ట్‌మెంట్‌లో చీఫ్ అయ్యాక కూడా ఆయన ఆ అభిప్రాయం మార్చుకోలేదు.

గిరిప్రసాద్ వెళ్ళి పక్కన నిలబడి, జనగాం బస్సు వెళ్ళిపోయిందా అని అడిగాడు. వెళ్ళింది గానీ ఘట్‌కేసర్‌లో పంక్చరైందట అన్నారాయన. కోడ్ సరిపోయింది. ఇద్దరూ చెరకు రసం బండి నీడలోకి జరిగారు.

"నాచారం ఇండస్ట్రియల్ ఏరియా. సబ్‌మెరైన్లకు సోనార్ భాగాలు చేసే చిన్న ప్రైవేటు యూనిట్. వచ్చే నెల ఒసాకా నుంచి కురోదా అనే ఇంజనీరు వస్తున్నాడు. ఆయన రాకముందే ఆయన ప్రోగ్రాం ఒక విదేశీ ముఠా చేతికి చేరింది."

"లీకు ఎక్కడ?"

"నరేందర్ అని టెక్నీషియన్. యానిమే, అదే జపాన్ కార్టూన్ సినిమాలు, చూసి జపనీస్ నేర్చుకున్నాడట. అతిథికి తోడుగా వాణ్ణే వేశారు. ఆదివారాలు ఇంట్లో క్లబ్బు నడుపుతాడు. నా లెక్కలో వాడే దొంగ."

"నేను?"

"క్లబ్బులో చేరు. ఇన్సూరెన్స్ ఏజెంటువి. ఒక్క ముక్క రానట్టు ఉండు. నీకెలాగూ రాదుగా."

గిరిప్రసాద్ చెరకు రసం గ్లాసు అందుకున్నాడు. ఏజెంటు అన్నంతవరకూ అందులో అబద్ధం లేదు. రెండో మాట మాత్రం నిజం కాదు. భార్య విజయశ్రీ పోయాక మల్కాజిగిరిలోని ఇంట్లో అతనికి తెలుగు వినబుద్ధి కాకుండా పోయింది. పాలవాడు పలకరించినా, తోడల్లుడు ఫోన్ చేసినా అందులో ఎక్కడో ఒకచోట ఆమె తగిలేది. అప్పుడు పట్టుకున్నాడు జపనీస్‌ను. నిఘా డ్యూటీల్లో కారులో కూర్చుని ఇయర్‌ఫోన్స్‌లో యానిమే వినేవాడు. ఫోన్‌లో ఒకవైపు అక్షరం, రెండోవైపు అర్థం ఉండే ఫ్లాష్‌కార్డులు తిప్పేవాడు. అర్థం కాని భాషలో ఓదార్పులుండవు, అదే అతనికి కావలసింది. అయితే నాలుగేళ్ళు వింటే ఏ భాషైనా అర్థమై ఊరుకుంటుంది. ఈ సంగతి డిపార్ట్‌మెంట్ ఫైల్లో లేదు.

నరేందర్ ఇల్లు హెచ్‌ఎంటీ నగర్‌లో, టిఫిన్ సెంటర్ మీద మొదటి అంతస్తు. వెనక గోడ దాటితే నాచారం చెరువు. గోడకు తెల్లదుప్పటి కట్టి, సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్‌తో యానిమే వేసేవాడు. పెళ్ళి కాలేదు, చెడు అలవాట్లు లేవు, చేతికొచ్చిన జీతంలో సగం జపనీస్ పుస్తకాలకే. సూర్యాపేటలో ఉన్న వాళ్ళమ్మ సత్తమ్మ ఫోన్ చేసి పిల్లను చూశానంటే, జపనీస్ పరీక్ష దగ్గరపడిందని తప్పించుకునేవాడు.

మొదటి ఆదివారమే గిరిప్రసాద్‌కు తేలిపోయింది, వీడు గూఢచారి కాదని. నరేందర్‌కు కార్డులు వేలకు వేలు వచ్చు. ఎంత గజిబిజి అక్షరం చూపించినా టక్కున అర్థం చెప్పేవాడు. కానీ చెవికి ఒక్క వాక్యం పట్టదు. తెర మీద మనుషులు గబగబా మాట్లాడుతుంటే అందరికంటే ముందు కిందున్న ఇంగ్లిష్ సబ్‌టైటిల్ వైపు పరిగెత్తేది అతని చూపే. జీవితమంతా ఈదడం గురించి చదివి ఒడ్డునే ఉండిపోయినవాడు. వాడి కోరికల్లా ఒక్కటే. ఎవరైనా నిజమైన జపాన్ మనిషితో ఒక్కసారి కూర్చుని మాట్లాడాలి.

మిగతావాళ్ళూ అంతే. సబ్‌టైటిల్ వాక్యమంతా ఒక్కసారే పడుతుంది, పాత్ర మాట పూర్తి చేసేలోపే వీళ్ళు చదివేసి నవ్వేస్తారు. గిరిప్రసాద్ కూడా వాళ్ళతో పాటు ముందే నవ్వడం నేర్చుకున్నాడు. అది ఆ భాష కంటే కష్టమైంది.

ఆ క్లబ్బులో మానస అనే అమ్మాయి ఉంది. ఆమె వస్తే మెట్ల మీదే తెలిసేది, సెంటు ముందు, ఆమె వెనక. హబ్సిగూడలో ఏదో కంపెనీలో హెచ్ఆర్ అని, జపనీస్ చదవడమే తప్ప వింటే అర్థం కాదని చెప్పుకుంది. జనార్ధనరావు అనే మేనమామ ఆమెను దింపి, క్లబ్బు అయిపోయేదాకా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. అంత శ్రద్ధగల మేనమామను గిరిప్రసాద్ ఎక్కడా చూడలేదు. అనుమానించాడు. రుజువు లేదు.

రుజువు ఒక ఆదివారం దానంతటదే దొరికింది. ఆ రోజు సబ్‌టైటిల్ ఫైలు తెరుచుకోలేదు.

"ఏం ఫికర్ లేదు, ఉత్తగ వినున్రి. చెవులన్న తెర్సుకుంటయి," అని నరేందర్ సినిమా ఆపలేదు.

అదొక ముసలి పడవవాడి కథ. జనం కాసేపు చూసి ఫోన్లు తీశారు. చివర్లో ముసలాయన పడవ కట్టేసి, కెమెరాకు వీపు పెట్టి కూర్చుని, కూతుర్ని ఏదో అడుగుతాడు. సంగీతం లేదు, ఏడుపు లేదు. కూతురు ఒక్క క్షణం ఆగి జవాబు చెబుతుంది. అంతే.

గిరిప్రసాద్ కళ్ళజోడులో ఒక రహస్య కెమెరా ఉంది. దాని అద్దం మసకబారింది. తుడవడానికి తీసినప్పుడు చూశాడు, గదిలో ఇంకొకరి కళ్ళు కూడా నిండి ఉన్నాయి. మానస అతన్నే చూస్తోంది.

జనార్ధనరావు బండి తియ్యడానికి కిందికి దిగిన సందులో, మెట్ల మలుపు దగ్గర ఆమె ఆగింది.

"మీరెందుకు ఏడ్చిన్రు సార్?"

"కంట్లో దుమ్ము."

"మీ అమ్మ తిన్నదా అని అడిగిండు ముసలాయన. తల్లి చచ్చిపోయి ఏడాదైంది, ఆయన మర్చిపోయిండు. తిన్నది నాన్నా అన్నది బిడ్డ." ఆమె ఒకసారి కిందికి తొంగిచూసింది. "బిగినర్లకు గా మాట ఎట్ల సమజైంది?"

"మీకెలా అయిందో నాకూ అలాగే."

తర్వాత వాళ్ళు ఉప్పల్ మెట్రో ప్లాట్‌ఫాం మీద కలుసుకున్నారు. జపనీస్ నేర్చుకునేవాళ్ళకు ఒక అలవాటుంది. చెవిలో పాఠం పెట్టుకుని, అందులో గొంతు పలికినట్టే వెనకవెనకే గొణుగుతూ తిరుగుతారు. చూసేవాళ్ళు పిచ్చివాళ్ళనుకుని పక్కకు తప్పుకుంటారు. ఇద్దరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వీపులు ఆనించుకున్నట్టుండే బెంచీల మీద కూర్చుని అలా గొణుగుతూనే జపనీస్‌లో మాట్లాడుకున్నారు. కొంచెం దూరంలో జనార్ధనరావు నిలబడి ఉన్నాడు. ఆమె పాఠం చదువుకుంటోందనుకున్నాడు. ముఠా జీతగాడే గానీ ఆ భాషలో నమస్కారం కూడా రాదతనికి.

ఆమె ఒసాకాలో దుభాషిగా పనిచేసింది. అక్కడే ముఠా చేతికి చిక్కింది. అక్క పద్మశ్రీ ఇంకా అక్కడ వాళ్ళ గుప్పిట్లోనే ఉంది. మానస మాట వింటున్నంతకాలం అక్క క్షేమం. నరేందర్ కబుర్లలోంచి కురోదా ప్రోగ్రాం తీసి పంపింది తానేనని దాచకుండా ఒప్పుకుంది. ఇక చాలు, మీ వైపు వస్తాను, కానీ వచ్చినట్టు వాళ్ళకు తెలియకూడదు అంది. గిరిప్రసాద్ మాట ఇచ్చాడు. అక్కచెల్లెళ్ళిద్దరినీ బయటపడేస్తానని ఇచ్చాడు. ఇలాంటి మాటలు ఇవ్వకూడదని కొత్తవాళ్ళకు క్లాసు తీసుకునేది అతనే.

నాలుగేళ్ళ తర్వాత ఒక మనిషి వచ్చి కూర్చుంటుందని ఎదురుచూడటం అతనికి అదే మొదలు. దాన్ని ఏమనాలో అతను ఏ భాషలోనూ వెతుక్కోలేదు.

కురోదా నాచారం వచ్చాడు. వెళ్ళేరోజు నరేందర్ ఇంటికి వస్తానన్నాడు. అక్కడ క్లబ్బు తరఫున ఒక కానుక ఇవ్వాలి. మానస నిర్మల్ కొయ్యబొమ్మ ఒకటి తెచ్చి, పెట్టెలో పెట్టి, పోచంపల్లి గుడ్డలో చుట్టింది. బొమ్మ కడుపులో మైకు ఉంది. జపాన్ మర్యాద ప్రకారం ఇచ్చినవాళ్ళ ముందు కానుక విప్పరు. అలాగే గదికి పట్టుకెళతారు. ఇది ముఠా లెక్క. మానస చెప్పిన ఈ సంగతిని గిరిప్రసాద్ చీఫ్‌కు చేరవేశాడు.

"పోనీ," అన్నారు అచ్యుతరావు. "మైకు ఎవరితో మాట్లాడుతుందో వెనకాలే పోయి పట్టుకుందాం."

ఆ మధ్యాహ్నం కురోదా వచ్చి, చాప మీద బాసిపట్టు వేసుకుని, నరేందర్‌తో చాలాసేపు మాట్లాడాడు. మీ కార్డులు చూశాను, మా అబ్బాయికి కూడా ఇన్ని అక్షరాలు రావు అని మెచ్చుకున్నాడు. నరేందర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వుతూ తలూపుతూనే ఉన్నాడు. ఎన్నేళ్ళ ఆశ అది. గిరిప్రసాద్ నోటిదాకా వచ్చిన అనువాదం మింగేశాడు. బిగినర్ కదా.

సెలవు తీసుకోవడం మొదలైంది. ఆయన వంగుతాడు, వీళ్ళు వంగుతారు. ఆయన మళ్ళీ వంగుతాడు. ఫోటోలు, మళ్ళీ ఫోటోలు. జనార్ధనరావు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. ఫ్లైటు తప్పుతుంది, త్వరగా కానివ్వండి అని తనకేమీ కాని అతిథి కోసం తొందరపెట్టాడు. చివరికి కురోదా కిందికి దిగి కార్లో కూర్చున్నాడు. ఎయిర్‌పోర్టుదాకా వెంట వెళ్ళాల్సింది నరేందరే. కానుక పెట్టెను గుమ్మం దగ్గర గచ్చు మీద పెట్టి బూట్లు తొడుక్కుంటున్నాడు.

పెట్టె గచ్చుకు తగిలినప్పుడు బరువైన చప్పుడు వచ్చింది.

మానస ముఖం పాలిపోయింది. తాను కట్టింది చేతిలో పట్టేంత తేలిక బొమ్మ. జనార్ధనరావు ఆమె వెనకే ఉన్నాడు, కుడిచెయ్యి జేబులో. తెలుగులో చెబితే అక్కడితో సరి. ఆమె ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టుకుంది. పాఠం అప్పజెబుతున్నట్టు, పైకప్పు వైపు చూస్తూ, జపనీస్‌లో గబగబా ఒక వాక్యం వెనక ఒకటి అంది.

పెట్టె మార్చారు. బరువుంది. టైం అయిపోతోంది. నా వైపు చూడకండి.

"వాహ్, మస్తు కొట్టినవ్ డైలాగు," అన్నాడు నరేందర్ లేసులు కడుతూ.

గిరిప్రసాద్ నడుముకు పిస్తోలు ఉంది. పెట్టె ఎత్తితే రెండు చేతులూ దానికే. పిస్తోలు తీస్తే పెట్టె అక్కడే ఉంటుంది, పక్కనే నరేందర్, కింద టిఫిన్ సెంటర్ నిండా జనం. ఆలోచించడానికి అందులో ఏమీ లేదు, అదే దుర్మార్గం. అతను పెట్టె ఎత్తుకుని వెనక మెట్ల వైపు పరిగెత్తాడు. ఆమె చెప్పినట్టే ఆమె వైపు చూడలేదు.

గోడ మీంచి విసిరిన పెట్టె చెరువులో గుర్రపుడెక్క మీద పడీపడకముందే పేలింది. నీళ్ళు ఇంటెత్తు లేచాయి. బురదలో పడ్డ గిరిప్రసాద్‌కు చెవులు గింగురుమంటున్నా పైన ఇంకో చప్పుడు వినబడింది, చిన్నది, సైలెన్సర్ తుపాకీది. అతను మెట్లెక్కేసరికి జనార్ధనరావు ఫోన్ తీసి ముఠాకు నంబరు నొక్కుతున్నాడు. గిరిప్రసాద్ కాల్చాడు. ఆ కాల్ కలవలేదు.

మానస గుమ్మంలో పడి ఉంది, ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలోనే. పిలిచాడు. ఏ భాషలో పిలిచాడో అతనికి గుర్తులేదు. అంబులెన్సు తార్నాక దాటకముందే ప్రాణం పోయింది.

రిపోర్టు అచ్యుతరావుగారే స్వయంగా రాశారు. ముఠా మనిషి మానస, బాంబు తెచ్చి, కాల్పుల్లో చనిపోయింది. పేపర్లలో అలాగే వచ్చింది, ఫోటోతో సహా. ఆమె చివరి నిమిషంలో ఏం చేసిందో ముఠాకు తెలిస్తే ఒసాకాలో పద్మశ్రీ బతకదు. గిరిప్రసాద్ ఒక్కమాట ఎదురు చెప్పకుండా సంతకం పెట్టాడు. పద్మశ్రీని బయటికి తెచ్చే పని మొదలైందన్నారు చీఫ్. ఎప్పటికవుతుందని అడిగితే మఫ్లర్ సర్దుకున్నారు. ఏ పరామర్శా లేని భాష అని ఎంచుకున్న దాంట్లో కూడా ఇప్పుడొక చావు చేరింది. ఇంక దాన్ని వినలేడు, మరవనూ లేడు.

పది రోజులు విచారించి నరేందర్‌ను వదిలేశారు. గిరిప్రసాద్ చూడటానికి వెళ్ళాడు. తెల్లదుప్పటి మడిచి మూలన పెట్టి ఉంది. నరేందర్ చిక్కిపోయాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు కాదని తెలిశాక అతని ముందు కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోతున్నాడు. పెట్టె సంగతి ఎట్లా తెలిసిందని అడిగితే, ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందన్నాడు గిరిప్రసాద్.

"నా పానం కాపాడినవ్ అన్న. ఆమె గింత మోసం జేస్తదనుకోలే. నా ఫోన్ల కార్డులకు గొంతు ఇచ్చింది ఆమెనే. అన్నీ తీసేసిన." ఫోన్ పక్కన పెట్టాడు. "పోయే ముందు ఏదో డైలాగు చెప్పింది గదా. నాకు పెట్టె అన్న ముక్క ఒక్కటే అందింది. నిన్నటి సంది సినిమాలన్నీ వెతుకుతున్న, దేంట్లనూ దొరుకుతలేదు. ఏందన్న అది?"

కిందనుంచి దోసెల చప్పుడు వస్తోంది. గిరిప్రసాద్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"నాకేం తెలుసు తమ్ముడూ. నాకు జపనీస్ రాదు."

నరేందర్ తలూపాడు. గిరిప్రసాద్ సర్వీసంతా ఎన్నో అబద్ధాలు చెమటోడ్చి నమ్మించాల్సి వచ్చింది. ఇది మాత్రం అడ్డుప్రశ్న లేకుండానే చెల్లిపోయింది.